రేపటి ప్రయోగం తెలియనప్పుడు నేటి డక్టు ఎంత ఉండాలి?

పాఠకుల ప్రశ్నలు – ఇంజినీరు జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం గురించి ఉన్నాయి. విశ్వవిద్యాలయాలలో కొత్తగా కట్టే పరిశోధన భవనాలకు ఎయిర్ కండిషనింగ్, ఎగ్జాస్టు, పైపులైన్లను ఎలా రూపొందించాలి, లోపల జరిగే పరిశోధన మారినప్పుడల్లా వాటిని పగలగొట్టవలసిన అవసరం రాకుండా ఎలా చూసుకోవాలి అన్నది ఆ విషయం. ఇళ్ల ఏసీల గురించి, సోలార్ హీటర్ల గురించి వచ్చిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షిక మొత్తాన్ని దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను హైదరాబాదులోని ఒక విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. మా ప్రాంగణంలో కట్టబోయే నాలుగంతస్తుల పరిశోధన భవనం కమిటీలో నన్నూ సభ్యురాలిగా వేశారు. ఏ గదిలో ఏ ప్రయోగశాల వస్తుందో చెప్పమని ఆర్కిటెక్టు గారు అడుగుతున్నారు. అక్కడ పనిచేయవలసిన అధ్యాపకులలో చాలామంది నియామకాలే ఇంకా పూర్తి కాలేదు. మెకానికల్ కన్సల్టెంటు గారు ‘ఎందుకైనా మంచిది, అన్నీ 30 శాతం ఎక్కువ వేద్దాం’ అంటున్నారు. ఆ మాట వింటేనే మా ఫైనాన్సు ఆఫీసరు గారు ఉలిక్కిపడుతున్నారు. ఇంతకీ మేము అడగవలసింది ఏమిటి?
– ఒక ఆచార్యురాలు, హైదరాబాదు

జవాబు: ఆర్కిటెక్టు గారి ప్రశ్నకు మీ దగ్గర జవాబు లేకపోవడం తప్పు కాదు, పరిశోధన భవనాలన్నిటి పరిస్థితీ ఇంతే. భవనం దశాబ్దాల పాటు నిలుస్తుంది. అందులో చేరిన పరిశోధక బృందం మాత్రం గ్రాంటు ఉన్నంతకాలమో, ఆచార్యుల పదవీ విరమణ వరకో ఉంటుంది. ఇవాళ కర్బన రసాయనాలు తయారయ్యే గదిలోకి రేపు కణవర్ధనం చేసేవారు రావచ్చు, ఆ తర్వాత ఎవరో లేజరు బల్ల దింపవచ్చు. అందువల్ల ‘ఏ గదిలో ఏ ప్రయోగశాల’ అన్న ప్రశ్నను పక్కన పెట్టి, ‘ఏ అంతస్తుకు మొత్తం ఎంత గాలి’ అన్న ప్రశ్నను కమిటీ ముందు పెట్టండి. దీనికి నియామకాలు పూర్తి కాకముందే జవాబు చెప్పవచ్చు.

ఒక లెక్క చూద్దాం. 6.6 మీటర్ల వెడల్పు, 9 మీటర్ల లోతు, 3 మీటర్ల ఎత్తు ఉన్న గదిని తీసుకోండి. ప్రయోగశాలలకు వాడుకలో ఉన్న సుమారు 3.3 మీటర్ల మాడ్యూళ్లు రెండు కలిస్తే ఈ గది వస్తుంది. దీని ఘనపరిమాణం దాదాపు 180 ఘనపు మీటర్లు. గంటకు ఆరుసార్లు గాలి మారాలనుకుంటే సెకనుకు 0.3 ఘనపు మీటర్ల గాలి సరిపోతుంది. జీవశాస్త్ర ప్రయోగశాలలు చాలావరకు ఈ స్థాయిలోనే నడుస్తాయి. అదే గదిలో ఆరడుగుల ఫ్యూమ్ హుడ్ (విషవాయువులను లాగి బయటికి పంపే, అద్దం తలుపున్న బీరువా) ఒకటి పెట్టి, దాని అద్దం తలుపును పనిచేసే ఎత్తు వరకు, అంటే సుమారు 45 సెంటీమీటర్లు తెరిచారనుకోండి. ముఖద్వారం దగ్గర సెకనుకు అర మీటరు వేగం నిలవాలంటే ఆ హుడ్ ఒక్కటే 0.35 ఘనపు మీటర్లు లాగేస్తుంది. నాలుగు హుడ్లు పెడితే 1.4 అవుతుంది. అంటే అదే నాలుగు గోడల మధ్య, ఎవరు అద్దెకు దిగారన్న దాన్ని బట్టి గాలి అవసరం నాలుగు రెట్లకు పైగా మారిపోతోంది.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతున్నాయి. ప్రతి గదినీ నాలుగు హుడ్ల రసాయనశాస్త్రానికి సరిపడేలా కడితే ఖర్చుకు అంతుండదు. పైగా ఆ గాలి అంతా ఏ రోజూ ఒకేసారి వాడకంలోకి రాదు. అలాగని ప్రతి గదినీ ఆరు మార్పులకే కట్టేస్తే, కొత్తగా చేరిన రసాయనశాస్త్రవేత్త మొదటి నెలలోనే శ్లాబుకు కన్నాలు కొట్టిస్తాడు. మధ్యేమార్గంగా అంతస్తుకు ఒక గాలి కోటా నిర్ణయించండి. పది గదులున్న అంతస్తులో మూడో నాలుగో గదులు హుడ్లతో నిండినా సరిపోయేంత మొత్తం ముందే లెక్కగట్టుకుని, ఆ మొత్తం ఏ గదికైనా చేరేలా ప్రధాన డక్టులు (గాలిని మోసే రేకు గొట్టాలు) నడపాలి. ఏ గదికి ఎంత ఇవ్వాలో తర్వాత వచ్చిన వారితో మాట్లాడి తేల్చుకోవచ్చు. ఆ కోటా దాటి ఎవరైనా అడిగితే ‘లేదు’ అని చెప్పే అధికారం ఒకరి చేతిలో ఉండాలి. ఇది ఇంజినీరింగుకు సంబంధించిన మాట కాదని అనిపించవచ్చు. కానీ గాలి కోటాలు చెదిరిపోవడానికి మామూలుగా కారణం డక్టు చిన్నదవడం కాదు, మొహమాటం.

ఇక మీ కన్సల్టెంటు గారి 30 శాతం సంగతి. ఆ అదనపు సొమ్మును ఎక్కడ పెడుతున్నారో అడగండి. ప్రధాన డక్టు వ్యాసాన్ని పది శాతం పెంచితే రేకు ఖర్చు కొంచెమే పెరుగుతుంది, కానీ అదే గాలిని పంపడానికి అయ్యే రాపిడి నష్టం దాదాపు 38 శాతం తగ్గుతుంది. ఈరోజు ఫ్యాన్ల కరెంటు ఆదా అవుతుంది, రేపు ఎక్కువ గాలి కావలసి వస్తే దారి సిద్ధంగా ఉంటుంది. చల్లటి నీటిని మోసే చిల్డ్ వాటర్ పైపులకూ ఇదే వర్తిస్తుంది. ప్రధాన పైపును ఒక సైజు పెద్దది వేసుకోవడం దాదాపు ఎప్పుడూ నష్టం కాదు. కానీ చిల్లర్‌ను, అంటే ఆ నీటిని చల్లబరిచే యంత్రాన్ని, 30 శాతం పెద్దది కొనడం పూర్తిగా వేరే విషయం. ఆ యంత్రం మొదటి రోజు నుంచి సగం లోడుతో తిరుగుతుంది, రాత్రివేళ లోడు మరీ పడిపోతే ఆగుతూ మొదలవుతూ అరిగిపోతుంది, మీకు నిజంగా అదనపు సామర్థ్యం అవసరమయ్యేనాటికి పాతబడి ఉంటుంది. కాబట్టి ప్లాంట్ రూములో మూడో చిల్లర్‌కు కాంక్రీటు దిమ్మె కట్టించి, పైపులను అక్కడిదాకా తెచ్చి, వాల్వు పెట్టి మూసి ఉంచండి. ఎలక్ట్రికల్ ప్యానెల్‌లో ఆ యంత్రానికి చోటు వదలండి. దాన్ని లోపలికి దింపడానికి సరిపడా వెడల్పున్న దారిని ఎవరూ గోడ కట్టి మూయకుండా చూడండి. యంత్రాన్ని మాత్రం కొనకండి. ఇప్పుడు కొనే చిల్లర్లలో ఒకటి చిన్నది ఉంటే రాత్రి లోడును అదే మోస్తుంది.

క్లుప్తంగా చెప్పాలంటే, తర్వాత పెంచడానికి వీలులేని వాటిలో ఉదారంగా ఉండండి, తర్వాత తెచ్చి పెట్టుకోగలిగిన వాటిలో పొదుపుగా ఉండండి. షాఫ్టులు (డక్టులు, పైపులు అంతస్తుల మీదుగా వెళ్లే నిలువు మార్గాలు), అంతస్తు ఎత్తు, పైకప్పు మీద ఖాళీ, ప్రధాన డక్టులు మొదటి కోవలోకి వస్తాయి. ఫ్యాన్లు, చిల్లర్లు, హుడ్లు రెండో కోవలోకి వస్తాయి. కమిటీలో అందరూ ముందుగా కోత పెట్టాలని చూసేది మాత్రం షాఫ్టులకే, ఎందుకంటే నక్షాలో అవి ఖాళీ జాగా లాగా కనిపిస్తాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి కట్టిన రిచర్డ్స్ వైద్య పరిశోధనశాలలో లూయీ కాన్ గాలి మార్గాలకూ మెట్లకూ వేరుగా ఇటుక గోపురాలు నిలబెట్టాడు. తర్వాత కాలిఫోర్నియాలోని లా హోయాలో 1965లో పూర్తయిన సాల్క్ సంస్థ భవనంలో మరో అడుగు ముందుకు వేసి, ప్రతి ప్రయోగశాల అంతస్తుపైన తొమ్మిదడుగుల ఎత్తున్న పూర్తి సర్వీసు అంతస్తును ఇచ్చాడు. కింద ప్రయోగం ఆగకుండానే పైన మనిషి నిలబడి పైపులు మార్చగలడు. మన విశ్వవిద్యాలయాల బడ్జెట్లలో అంతటి సర్వీసు అంతస్తు కష్టం. భవనం ఎత్తు పెరిగితే సెట్‌బ్యాక్‌లు, అగ్నిమాపక నిబంధనలు కూడా మారతాయి. అయితే శ్లాబు నుంచి శ్లాబుకు 4.3 మీటర్లకు తగ్గకుండా ఎత్తు అడిగి, ప్రయోగశాలల వెనుక ఒక మనిషి నడవగలిగిన సర్వీసు కారిడార్ సాధించుకుంటే, ఆ సౌకర్యంలో చాలా భాగం తక్కువ ఖర్చుతో దొరుకుతుంది.

చివరిగా ఒక చిన్న వస్తువు గురించి. ప్రతి మాడ్యూలు దగ్గర చిల్డ్ వాటర్, కంప్రెస్డ్ ఎయిర్, శుద్ధ జలం, డ్రైనేజీ లైన్లలో ఒక టీ, ఒక బాల్ వాల్వు, ఒక మూత ఉంచమని టెండరులోనే రాయించండి. అవి లేని భవనంలో ఒక సింకు జోడించాలంటే అంతస్తు మొత్తానికి నీళ్లు కట్టేయాలి, కింది వరుసలో ఎవరి ప్రయోగమో పాడవుతుంది. ఉన్న భవనంలో ప్లంబరు స్టూలెక్కి, మూత విప్పి, మధ్యాహ్నానికల్లా పని ముగించుకుని దిగిపోతాడు. ఆ వాల్వులు కనపడేలా ఉండాలి. ప్రయోగశాలలో జిప్సమ్ ఫాల్స్ సీలింగు వేసి, వాల్వు ఉన్నచోట తలుపు పెట్టకుండా పుట్టీ పూసి, రంగు వేసి అప్పగించే పని మన దగ్గర ఇప్పటికీ జరుగుతూనే ఉంది. ప్రయోగశాలకు సీలింగే వద్దనండి; పైపులకు రంగులు వేసి, పేర్లు రాయించండి.

ప్రశ్న: ఎం.టెక్. చదువుతున్నాను. ఆఫీసు భవనాల్లో గదిలోని గాలినే తిప్పి చల్లబరుస్తారు కదా, ప్రయోగశాలలో ఎందుకు వద్దంటారు? ఒక ఫ్యూమ్ హుడ్ వల్ల ఏసీ మీద నిజంగా ఎంత భారం పడుతుంది?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: రసాయనాలు వాడే గదిలోని గాలిని తిప్పి పంపితే ఒక గదిలో ఒలికిన ద్రావణి వాసన పక్క గదిలోని వారు పీలుస్తారు. అందుకే అక్కడ నూటికి నూరు పాళ్లు బయటి గాలినే తెచ్చి, చల్లబరిచి, ఒకసారి వాడి, పైకప్పు నుంచి వదిలేస్తారు. కాబట్టి హుడ్ గుండా పోయే ప్రతి ఘనపు మీటరు గాలీ మీరు డబ్బు పెట్టి చల్లబరిచిందే.

హైదరాబాదుకు లెక్క వేద్దాం. నగరం సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కనుక ఇక్కడి గాలి పీడనం ఆరు శాతం తక్కువ. తీరప్రాంతానికి వేసిన ఫ్యాను లెక్కలను ఇక్కడికి తెచ్చి అతికించేవారు ఈ సంగతి మర్చిపోతుంటారు. ముసురు పట్టిన రోజున బయట 28 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకోండి. ఆ గాలిని 13 డిగ్రీలకు చల్లార్చి తేమ తీయాలంటే సెకనుకు ఒక్కో ఘనపు మీటరు గాలికి దాదాపు 45 కిలోవాట్ల శీతలీకరణ కావాలి. ఇప్పుడు మే నెల మధ్యాహ్నం 41 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న గాలిని తీసుకుని ఇదే లెక్క వేయండి. భారం అందులో మూడింట రెండు వంతుల దగ్గరే ఆగిపోతుంది. ఎండ మాడ్చేస్తున్న రోజున కాక వాన కురుస్తున్న రోజున ఏసీ మీద బరువెక్కువ పడటం వింతగా అనిపిస్తుంది కానీ, తేమను నీరుగా మార్చడానికే ఆ శక్తిలో పెద్ద వాటా పోతుంది. బయటి గాలి మీద నడిచే భవనానికి కాయిల్‌ను (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టను) ‘అత్యధిక ఉష్ణోగ్రత’ చూసి ఎంపిక చేస్తే జూలై, ఆగస్టు నెలల్లో గదులు చల్లగానే ఉంటాయి, గోడలు మాత్రం చెమ్మగిల్లుతాయి.

ఈ లెక్కన ఆరడుగుల హుడ్ ఒకటి వానాకాలంలో దాదాపు నాలుగున్నర టన్నుల శీతలీకరణను ఎగ్జాస్టులో పైకి పంపేస్తుంది. మన ఇళ్లలో వాడే ఒకటిన్నర టన్ను ఏసీలు మూడింటిని వరుసగా బిగించి, కిటికీలన్నీ తెరిచి నడిపినట్టన్నమాట. పని అయిపోయాక అద్దం తలుపు దించమని గోడ మీద కాగితం అంటించడం వెనకున్న అసలు కారణం ఇదే.

ప్రశ్న: కన్సల్టెన్సీలో జూనియర్ ఇంజినీరుగా పనిచేస్తున్నాను. ప్రతి హుడ్‌కూ వేరే ఫ్యాను పెట్టాలని మా సీనియర్ గారు, అన్నిటినీ ఒక ప్రధాన డక్టులో కలిపి పైన మూడు పెద్ద ఫ్యాన్లు పెట్టాలని క్లయింటు అంటున్నారు. వీఏవీ నియంత్రణ (అవసరాన్ని బట్టి గాలి మొత్తాన్ని మార్చే పద్ధతి) మన దగ్గర నిలబడుతుందా అన్నది ఇంకో చర్చ. మీ అభిప్రాయం చెప్పగలరు.
– బేగంపేట

జవాబు: పరిశోధన మారే భవనంలో నేను కలిపిన ఎగ్జాస్టు వైపే మొగ్గుతాను. హుడ్‌కు ఒక ఫ్యాను చొప్పున వేస్తే నలభై హుడ్లకు పైకప్పు మీద నలభై ఫ్యాన్లు, నలభై పొగగొట్టాలు, శ్లాబులో నలభై కన్నాలు కావాలి. అందులో ఒక ఫ్యాను బెల్టు తెగితే కింద ఉన్న పరిశోధకుడికి తన హుడ్ పనిచేయడం లేదన్న సంగతి ఎవరో వచ్చి చెబితే తప్ప తెలియకపోవచ్చు. కొత్త హుడ్ కావాలంటే మళ్లీ శ్లాబు పగలగొట్టాలి. అన్నిటినీ కలిపినప్పుడు ఒక్కోటి సగం భారం మోయగల ఫ్యాన్లు మూడు పెడితే, ఒకటి మరమ్మతుకు వెళ్లినా మిగిలిన రెండూ భవనాన్ని నడిపిస్తాయి. రకరకాల గదుల గాలి కలిసి పలచబడి బయటికి పోవడం వల్ల పొగ కూడా పైకి బాగా లేస్తుంది. కొత్త హుడ్‌ను దగ్గరలోని డక్టుకు కలిపితే చాలు.

మీ సీనియర్ గారు అన్నది కొన్ని హుడ్ల విషయంలో అక్షరాలా సరైనది. పర్‌క్లోరిక్ ఆమ్లాన్ని వేడిచేసే హుడ్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఇతర హుడ్లతో కలపకూడదు. దాని ఆవిరి డక్టు లోపల గడ్డకట్టి పేలుడు స్వభావం గల లవణాలుగా మారుతుంది. అందుకే దానికి వేరే ఫ్యాను, డక్టు పొడవునా నీళ్లతో కడిగే ఏర్పాటు ఉండాలి. రేడియోధార్మిక పదార్థాలతో పని ఉన్నచోటా ఇదే జాగ్రత్త. వీటి కోసం షాఫ్టులో ఒకటి రెండు డక్టులకు ఖాళీ చోటు ముందే వదిలి ఉంచండి. హుడ్ల ఎగ్జాస్టు డక్టులో ఫైర్ డ్యాంపర్ (మంట వస్తే డక్టును మూసేసే పలక) పెట్టవద్దని అమెరికా అగ్నిమాపక ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 45 స్పష్టంగా చెబుతుంది. మంటలు వచ్చిన క్షణంలో విషవాయువును గదిలోనే బంధించడం ఎవరికీ మంచిది కాదు కదా. మామూలు డక్టుల అలవాటులో డ్యాంపర్ గీసేయడం సులభం కాబట్టి, షాఫ్టు గోడలకే తగిన అగ్ని నిరోధక సామర్థ్యం ఇచ్చి, మీ డ్రాయింగ్ మీద ఒకసారి ఎర్రసిరాతో సరిచూసుకోండి.

వీఏవీ విషయానికి వస్తే, అద్దం తలుపు దించినప్పుడు ఎగ్జాస్టు తగ్గి, దానికి తగ్గట్టు గదిలోకి వచ్చే గాలీ తగ్గి, గది మాత్రం కారిడార్ కంటే ఎప్పుడూ కొద్దిగా తక్కువ పీడనంలో ఉండాలి. లాభం పెద్దదే. ఫ్యాను వాడే శక్తి వేగం మూడో ఘాతాన్ని (క్యూబ్‌ను) బట్టి మారుతుంది కాబట్టి గాలి 80 శాతానికి తగ్గితే ఆదర్శ పరిస్థితిలో కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది. మన దగ్గర అది నిలబడుతుందా అన్న మీ సందేహం న్యాయమైనదే. సెన్సర్లు దుమ్ముపట్టి, క్యాలిబ్రేషన్ చేసేవారు లేక, రెండేళ్లకే ఆటోమేటిక్ వ్యవస్థను మాన్యువల్‌లో పెట్టి నడిపే భవనాలు నగరంలో లేకపోలేదు. నిర్వహణ కాంట్రాక్టుకు డబ్బు లేని విభాగానికి వీఏవీ అంటగట్టకండి. పగటికి ఒక స్థాయి, రాత్రికి ఒక స్థాయి ఉండే రెండు దశల వ్యవస్థ చాలు. డబ్బుంటే, పీడనం మారినా గాలి మొత్తాన్ని దానంతటదే స్థిరంగా పట్టి ఉంచే వెంచురి వాల్వులు అడగండి. కొత్త హుడ్ కలిసినప్పుడల్లా మిగిలిన గదులన్నిటినీ మళ్లీ బ్యాలెన్స్ చేయవలసిన పని చాలావరకు తప్పుతుంది. మార్పులు తరచుగా జరిగే భవనంలో ఆ వాల్వుల అసలు విలువ అక్కడే తెలుస్తుంది.

ఒక చిక్కు గుర్తుంచుకోండి. ఫ్యాన్ల వేగం తగ్గిస్తే పొగగొట్టం నోటి దగ్గర గాలి వేగమూ తగ్గి, పొగ పైకి లేవక పక్క భవనం కిటికీలవైపు, లేదా మీ తాజా గాలి తీసుకునే జాలీవైపు మళ్లుతుంది. సెకనుకు సుమారు 15 మీటర్ల వేగం నిలవాలి. గొట్టం పైకప్పు కంటే కనీసం మూడు మీటర్లు ఎత్తుండాలి. అందుకే ఫ్యాన్ల ముందు బయటి గాలి కలిపే బైపాస్ డ్యాంపర్ పెట్టడం గానీ, మూడింట ఒక ఫ్యానును ఆపేయడం గానీ చేస్తారు.

అప్పగించుకునే రోజున పత్రాలతో సరిపెట్టుకోకండి. ఆష్రే (అమెరికాలోని ఎయిర్ కండిషనింగ్ ఇంజినీర్ల సంఘం) 110 పద్ధతిలో హుడ్ లోపల నిమిషానికి నాలుగు లీటర్ల చొప్పున ట్రేసర్ వాయువు వదిలి, బయట నిలబెట్టిన బొమ్మ ముక్కు దగ్గర ఎంత చేరిందో కొలుస్తారు. అది కుదరకపోతే కనీసం పొగ వదిలే చిన్న పరీక్ష గొట్టంతో చూడండి. అద్దం అంచు దగ్గర వదిలిన తెల్లటి పొగ తిన్నగా వెనక్కి పోవాలి. సుడి తిరిగి మీ చొక్కా వైపు వస్తే కారణం చాలాసార్లు హుడ్‌లో ఉండదు. పైనున్న ఏసీ డిఫ్యూజర్ సరిగ్గా హుడ్ ముందే గాలి కొడుతూ ఉంటుంది, లేదా వెనకనున్న చీలికలకు అడ్డంగా ఎవరో రీజెంటు సీసాలు పేర్చి ఉంటారు.

ప్రశ్న: చిల్డ్ బీమ్‌లు (చల్లటి నీరు పారుతూ గదిని చల్లబరిచే పైకప్పు పరికరాలు) పెడితే డక్టులు చిన్నవవుతాయని విన్నాను. హైదరాబాదు వాతావరణానికి సరిపోతాయా?
– ఒక కాంట్రాక్టర్, ఉప్పల్

జవాబు: హుడ్లు ఎక్కువున్న గదికి అవసరం లేదు, ఎందుకంటే హుడ్ల కోసం తెచ్చే గాలే గదిని చల్లబరచడానికి సరిపోతుంది. యంత్రాలతో వేడెక్కే గదులకు, అంటే స్పెక్ట్రోమీటర్లు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లు బారులుతీరిన గదులకు అవి బాగా పనికొస్తాయి. గాలి పెంచకుండానే, నీటి పైపుతో వేడిని లాగేయవచ్చు. రేపు ఇంకో యంత్రం వస్తే ఇంకో బీమ్ కలపవచ్చు. కాకపోతే వాటిలో పారే నీళ్లు 14, 15 డిగ్రీల దగ్గర ఉంటాయి. నేను పైన చెప్పిన ముసురు రోజున బయటి గాలి మంచుబిందు ఉష్ణోగ్రత, అంటే అందులోని తేమ నీరుగా మారే ఉష్ణోగ్రత, 24 డిగ్రీలు. ఎవరైనా కిటికీ తెరిచారంటే నిమిషాల్లో బీమ్ నుంచి బల్లల మీదికి నీళ్లు కారతాయి. కిటికీలు తెరవడానికి వీల్లేకుండా, తాజా గాలి తేమను ముందే తీసేసి, చెమ్మ పట్టగానే వాల్వు మూసే సెన్సరు పెట్టగలిగితేనే ఒప్పుకోండి. మన కుర్రాళ్లు కిటికీ తెరవకుండా ఉంటారన్న హామీ మీద డిజైన్ చేయకండి.

ప్రశ్న: మా కళాశాలలో పాత భవనం ఒకటుంది. అంతస్తు ఎత్తు 3.3 మీటర్లే. దాన్ని పరిశోధనశాలగా మార్చవచ్చా?
– ఒక ప్రిన్సిపాల్, సికింద్రాబాదు

జవాబు: మొత్తంగా కాదు, కొంతవరకు. అరవై సెంటీమీటర్ల బీము కింద అర మీటరు డక్టు వేలాడదీస్తే కింద మిగిలేది 2.2 మీటర్లు, పొడవైన విద్యార్థి చెయ్యెత్తితే రేకు తగులుతుంది. హుడ్లున్న గదులన్నీ పై అంతస్తుకు తీసుకెళ్లండి, అక్కడి నుంచి డక్టు తిన్నగా పైకప్పు మీదికి పోతుంది. కంప్యూటేషన్, మైక్రోస్కోపు, బోధన గదులు కింద ఉంచండి. ఇంకా షాఫ్టు కావాలంటే భవనం వెనక గోడకు బయటి నుంచి స్టీలు ఫ్రేములో కట్టించండి. అయితే వీటన్నిటికంటే ముందు, పై శ్లాబు ఫ్యాన్ల బరువు మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరుతో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: నైట్రోజన్, వాక్యూమ్, గ్యాసు లైన్లు ప్రతి బల్లకూ ఇవ్వాలా?
– ఒక పరిశోధక విద్యార్థిని, తార్నాక

జవాబు: కంప్రెస్డ్ ఎయిర్‌ను అంతస్తు చుట్టూ రింగులా తిప్పి ఇవ్వవచ్చు, అందరికీ కావాలి. సెంట్రల్ వాక్యూమ్ మీద నాకు నమ్మకం తక్కువ. ఒకరి బల్ల మీది ద్రావణి అందరి పైపులోకీ చేరుతుంది, మళ్లీ ఆ పైపు కడిగేవారుండరు. బల్ల కింద చిన్న డయాఫ్రమ్ పంపు పెట్టుకుంటే బల్లతో పాటే కదులుతుంది. సిలిండర్లను గదిలో గొలుసులతో కట్టి ఉంచే బదులు భవనం బయట గాలాడే గదిలో మానిఫోల్డు చేసి (అన్నిటినీ ఒకే పైపుకు కలిపి), పైపు ద్వారా తేవడం మేలు. ద్రవ నైట్రోజన్ వాడే మూసి ఉన్న గదిలో ఆక్సిజన్ 19.5 శాతానికి పడిపోగానే మోగే అలారం లేకుండా ఎవరినీ పని చేయనివ్వకండి. నైట్రోజన్‌కు వాసన, రంగు ఏవీ ఉండవు కాబట్టి మనిషికి ముందుగా ఏమీ తెలియదు.

ప్రశ్న: ఎగ్జాస్టులో పోయే చల్లదనాన్ని తిరిగి పట్టే హీట్ రికవరీ వీల్ (తిరిగే చక్రం) పెడితే పెట్టుబడి ఎన్నాళ్లకు తిరిగొస్తుంది? చిల్లర్ వేడిని నీటి ఆవిరితో బయటికి వదిలే కూలింగ్ టవర్లకు నీళ్లు చాలవన్న బెంగ కూడా ఉంది.
– ఒక విశ్వవిద్యాలయ ఫైనాన్సు ఆఫీసరు, హైదరాబాదు

జవాబు: తిరిగే చక్రం ఎగ్జాస్టు గాలిలో కొంత భాగాన్ని తాజా గాలిలోకి మోసుకొస్తుంది కాబట్టి హుడ్ల ఎగ్జాస్టు మీద దాన్ని పెట్టవద్దు. ఆఫీసులు, సెమినారు గదుల వైపు పెట్టుకోండి. హుడ్ల వైపు, రెండు కాయిళ్లను నీటి పైపుతో కలిపే రన్-అరౌండ్ పద్ధతి సురక్షితం. కానీ దాని లాభం గురించి అమ్మకందారు చెప్పే లెక్కను నెలలవారీగా అడగండి. మే నెలలో బయట 41, ఎగ్జాస్టు 25 డిగ్రీలు ఉన్నప్పుడు సగం తేడా పట్టినా ఎనిమిది డిగ్రీలు దక్కుతాయి. వానాకాలంలో 28కి, 25కి మధ్య దక్కేది డిగ్రీన్నర. అసలు భారమైన తేమను అది తాకనే తాకదు. ఆ కాయిళ్ల గుండా గాలిని నెట్టడానికి ఫ్యాన్లు మాత్రం ఏడాది పొడవునా అదనంగా కష్టపడతాయి. మన వాతావరణానికి కూలింగ్ కాయిల్‌కు ముందూ వెనకా చుట్టి ఉండే హీట్ పైపులు నాకు ఎక్కువ నచ్చుతాయి. తేమ తీయడానికి అతిగా చల్లార్చిన గాలిని, లోపలికి వచ్చే గాలి వేడితోనే మళ్లీ కాస్త వెచ్చబెడతాయి. దాంతో వానాకాలంలో ఎలక్ట్రిక్ హీటర్ల ఖర్చు తప్పుతుంది.

నీళ్ల విషయంలో మీకు ఒక మంచి మాట చెప్పగలను. టన్ను శీతలీకరణకు కూలింగ్ టవర్‌లో గంటకు సుమారు ఆరు లీటర్లు ఆవిరవుతాయి, లవణాలు పేరుకోకుండా బయటికి వదిలే నీరు (బ్లోడౌన్) దానికి అదనం. బోరునీటి కాఠిన్యం ఎక్కువైతే ఆ అదనం ఇంకా పెరుగుతుంది. అయితే సెకనుకు పది ఘనపు మీటర్ల బయటి గాలిని తీసుకునే భవనం ముసురు రోజుల్లో కాయిళ్ల మీద గంటకు దాదాపు 400 లీటర్ల నీటిని కక్కుతుంది. అదే గాలిని చల్లార్చడానికి టవర్‌లో ఆవిరయ్యే నీటిలో ఇది సగం. లవణాలు లేని నీరు కనుక బ్లోడౌన్ కూడా తగ్గుతుంది. ఈ నీటిని సాధారణంగా డ్రెయిన్ ట్రేలో నుంచి వరదనీటి కాలువలోకి వదిలేస్తారు. ప్రతి ఏహెచ్‌యూ (గాలిని చల్లబరిచి పంపే యంత్రం) ట్రే నుంచి టవర్ ట్యాంకుకు ఒక పైపు, అవసరమైనచోట ఒక చిన్న పంపు మాత్రమే కావాలి. డ్రాయింగ్ దశలోనే ఆ పైపుకు వాలు చూపించమని అడగండి. భవనం పూర్తయ్యాక ఆ వాలు దొరకడం కష్టం.